కెమెరాకి జాతకం రాసే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి భోజనాలయ్యాక మీ నాన్నమ్మ ఫోనులో చూశాను. నా ఫోను తెర చిన్నది, నా చత్వారం పెద్దది. రాచెస్టర్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వాకిట్లో పెట్టి అమ్మిన సామాన్లలో నీకు స్పీడ్ గ్రాఫిక్ దొరకడం నీ అదృష్టం. అది పుట్టిన ఊళ్లోనే నీ చేతికి చిక్కింది చూడు, అదింకా బాగుంది. తెనాలిలో కూర్చుని ఎన్నేళ్లు ఎదురుచూసినా నాకు ఒక్కటీ దొరకలేదు.

అయితే, "నంబరు చిన్నది తాతయ్యా, కాబట్టి ఇది 1912 నాటిది, మొదటి ఏడాది సరుకు" అని రాసి, కార్డు ముక్క మీద ఆ ఏడాది వేసి కెమెరాకి కట్టేశావు కూడా. ఆ కార్డు ఇప్పుడే విప్పెయ్యి తల్లీ. స్పీడ్ గ్రాఫిక్ 1912లో మొదలైన మాట నిజమే. నువ్వు చదివిన నంబరు మాత్రం కెమెరాది కాదు, దాని లెన్సుది. పైగా దాన్నీ సగమే చదివావు. అంకెల ముందున్న రెండు అక్షరాలని కంపెనీ గుర్తేమో అనుకుని వదిలేశావు. వాటి సంగతి చివర్లో చెబుతాను, ఓపిక పట్టు.

స్టాండు కెమెరా ఉమ్మడి కుటుంబం లాంటిది. చెక్కపెట్టె ఒకచోట పుడుతుంది, లెన్సు ఇంకోచోట, షట్టరు మరోచోట. నీ ఊళ్లోనే చూడు, పెట్టెలు గ్రాఫ్లెక్స్ చేసేది, లెన్సులు కొడాక్ చేసేది, షట్టర్లు వోలెన్సాక్ చేసేది. జర్మనీలో అయితే జేనాలో జైస్ లెన్సులు, మ్యూనిక్‌లో డెకెల్ వాళ్ల కంపూర్ షట్టర్లు. ఎవరి నంబర్ల వరస వాళ్లది. ఒకరి చిట్టాలో నంబరు పట్టుకుని ఇంకొకరి వయసు లెక్కపెడితే పక్కింటివాడి జాతకంతో మనింట్లో ముహూర్తం పెట్టినట్టే.

ఈ పొరపాటు నేనూ చేశాను. నీకింతవరకూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

మా నాన్న మద్రాసులో సెకండ్ హ్యాండులో కొన్న హాఫ్ ప్లేటు కెమెరా ఒకటి ఉండేది. ఇంగ్లండులో చేసింది. టేకు చెక్క, మూలమూలకీ ఇత్తడి బిగింపులు. మనలాంటి వేడి దేశాల్లో అతుకులు విచ్చుకోకుండా అలా కట్టి పంపేవాళ్లు. దాని ఇత్తడి లెన్సు మీద తయారీదారు పేరూ నంబరూ సన్నటి అక్షరాల్లో చెక్కి ఉండేవి. ఏటా ఆయుధపూజ ముందురోజు దాన్ని తోమడం నా పని. చింతపండూ ఇటుకపొడీ పెట్టి, బిందె తోమినట్టు తోమేవాణ్ణి. తళతళలాడేది, కుంకుమబొట్టు పెడితే కన్నులపండుగగా ఉండేది. మొదటి దసరాకి లక్క పూత పోయింది. తర్వాతి దసరాలకి అక్షరాల్లోని నల్లరంగు పోయింది, ఆపైన అక్షరాలే అరిగిపోయాయి. చివరికి సగం పేరూ రెండంకెలూ మిగిలాయి. అందుకే నీకు నా మొదటి మాట, తుడవకు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులుపు, అంతే. ఆ మకిలి కూడా సాక్ష్యమే.

తర్వాత ఓ వానాకాలం ఆ పెట్టెకి చెదలు పట్టాయి. లెన్సు మాత్రం మిగిలింది. దాన్ని తీసి మన దగ్గరున్న వాగీశ్వరి కెమెరాకి బిగించారు నాన్న. వాగీశ్వరి అంటే కేరళలో అలప్పుళలో కరుణాకరన్ గారు 1940ల్లో మొదలుపెట్టిన కెమెరా. టేకూ ఇత్తడీ, అచ్చం సీమ కెమెరాలాగే ఉంటుంది. దక్షిణాదిలో ఎన్ని స్టూడియోల్లో గ్రూపు ఫొటోలు తీసిందో లెక్కలేదు. పెట్టె కుర్రది, లెన్సు ముసలిది, ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఆ లెన్సు అంచున 4, 8, 16, 32, 64 అని ఉండేవి, పక్కన యు.ఎస్. అని. అమెరికా కాబోలు అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. కాదు, యూనిఫాం సిస్టమ్ అని పాత కొలత. అందులో 16 మాత్రమే మన ఎఫ్16తో కలుస్తుంది. 4 అంటే ఎఫ్8, 64 అంటే ఎఫ్32. అది తెలియక నేను పాడుచేసిన ప్లేట్లకి నాన్న చేత తిన్న చీవాట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఈ కొలత పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చి, ఇరవయ్యో శతాబ్దం మొదటి ఇరవై ఏళ్లకి దాదాపుగా పోయింది. కాబట్టి ఆ గుర్తున్న లెన్సు పాతదే. నంబరు చెరిగిపోయినా వయసు చెప్పే గుర్తులు ఇలా వేరే ఉంటాయి.

చాలా ఏళ్లకి పాత కెమెరాలు కొనే ఆయన ఒకరు మన స్టూడియోకి వచ్చారు. నేను యు.ఎస్. గుర్తు చూపించి, ఎంతో తెలిసినవాడిలా, "ఈ కెమెరా 1910కి ముందుది సార్" అన్నాను. ఆయన మాట్లాడకుండా కెమెరా తిప్పి, నల్లగుడ్డ మేకుల కింద దాగిన చిన్న రేకు చూపించారు. అలప్పుళ అని ఉంది. నవ్వలేదు పాపం. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. ముప్ఫై ఏళ్లు రోజూ తల దూర్చిన కెమెరా అది, ఆ రేకు నేనొక్కసారీ చూడలేదు.

ఇప్పుడు నీ గ్రాఫిక్ దగ్గరికి వద్దాం.

ముందు దాని మీద కంపెనీ పేరు చదువు. నంబరు కన్నా పేరు తక్కువగా అబద్ధమాడుతుంది. ఫోల్మర్, ష్వింగ్ అని ఇద్దరి కంపెనీ న్యూయార్కులో మొదలైంది. 1905లో కొడాక్ కొనేసి రాచెస్టర్‌కి తెచ్చింది. 1926లో విడిపోయి ఫోల్మర్ గ్రాఫ్లెక్స్ కార్పొరేషన్ అయింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసే వేళకి ఒట్టి గ్రాఫ్లెక్స్ అయింది. 1912 కెమెరా అయితే కొడాక్ పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి. నీ ఫొటోలో నాకు ఫోల్మర్ గ్రాఫ్లెక్స్ అన్నట్టు కనిపించింది. అంటే 1926కి ముందు పోదు. ఒక్క రేకు ముక్క నీ కార్డు మీది ఏడాదికి పద్నాలుగేళ్లు కోత పెట్టింది చూశావా?

తర్వాత ఒళ్లు చూడు. లెన్సు బిగించిన పలక చెక్కది. వెనక తెర షట్టరుకి పెద్ద పట్టిక ఉంది, చీలిక వెడల్పులు నాలుగు, బిగువులు ఆరు, వెరసి ఇరవై నాలుగు వేగాలు. ఇవి 1940లో వచ్చిన ఆనివర్సరీ రకానికీ, దానికి ముందువాటికీ ఉండే లక్షణాలు. 1947లో వచ్చిన పేస్‌మేకర్‌కి లోహపు పలక, ఆరే వేగాలు, పెట్టె పక్కనే నొక్కే మీట ఉంటాయి. వార్తా ఫొటోగ్రాఫరు రోసెంతాల్ యుద్ధంలో ఇవో జిమా కొండమీద జెండా ఎత్తుతున్న సైనికుల్ని 1945 ఫిబ్రవరిలో తీసింది స్పీడ్ గ్రాఫిక్‌తోనే. యుద్ధం రోజుల్లో చేసినవాటికి క్రోమ్ మెరుపు లేదు, నల్లరంగు పూశారు. నీదాని మీద మెరుపు ఉందో, నలుపు ఉందో ఫొటోలో తెలియలేదు. పగటి వెలుగులో చూసి చెప్పు.

ఇక్కడే ఒక చిక్కుంది. నీ కెమెరా వెనక గ్రౌండ్ గ్లాస్ చట్రం చూస్తే జారే పట్టీలున్న గ్రాఫ్లోక్ రకంలా ఉంది. అది 1949లో వచ్చింది. మరి 1947కి ముందు కెమెరాకి 1949 వీపు ఎలా వచ్చింది? ఎవరో తర్వాత మార్పించారు. పత్రికల ఫొటోగ్రాఫర్లకి అది రోజూ అన్నం పెట్టే పనిముట్టు. కొత్త సదుపాయం వస్తే పాతదానికి బిగించుకునేవాళ్లు. చికాగోలో డియర్‌డార్ఫ్ వాళ్ల ఎనిమిది పది కెమెరాలదీ ఇదే కథ. ముందు పలక పక్కలకి తిరిగే ఏర్పాటు వాటికి 1950 ప్రాంతంలో వచ్చింది. ముందే కొన్నవాళ్లు కెమెరాని ఫ్యాక్టరీకి తిరిగి పంపి అది పెట్టించుకున్నారు. నంబరు పాతది, మెడ కొత్తది. (ఆ డియర్‌డార్ఫ్ మొదటి కెమెరాలు, మద్యనిషేధంతో మూతపడ్డ బార్ల బల్లల చెక్కతో చేశారట. మహాగని అంటే మహాగనే మరి.)

నీకు "అచ్చమైన" కెమెరా కావాలన్న ఆశ పుడుతుంది. పాత స్ప్రింగు వీపు ఎక్కడో కొని, ఇది తీసేసి అది పెడదామనిపిస్తుంది. వద్దమ్మా. ఆ మార్పు చేయించుకున్న మనిషి దాంతో బతికాడు. నువ్వు పెట్టే స్ప్రింగు వీపు వేరే కెమెరాది, దాన్ని అతికిస్తే నువ్వొక కొత్త అబద్ధం తయారుచేసినదానివి అవుతావు.

పెట్టె నంబరు కోసం బయట వెతకకు. లెన్సు పలక ఊడదీసి, వెనక చట్రం తీసి, టార్చి వేసి లోపలి చెక్క మీద చూడు. గ్రాఫ్లెక్స్ వాళ్ల నంబర్ల చిట్టా మిగిలింది కాబట్టి ఆ అంకెలతో రకమూ, దాదాపు ఏడాదీ చెప్పొచ్చు. అయినా గుర్తుంచుకో, నంబర్లు ముందే రకానికి ఇన్నని కట్టలుగా కేటాయించేవాళ్లు. కట్ట రాసిన రోజు ఒకటి, పెట్టె గుమ్మం దాటిన రోజు ఇంకొకటి. మన రిజిస్టరులో కూడా బుకింగ్ నంబరు ముందుంటుంది, ఫొటో తర్వాత వస్తుంది.

లెన్సులకి వస్తే ష్నైడర్ వాళ్ల వరస కాస్త మర్యాదగా సాగింది. 50 లక్షల నంబరు 1957 ప్రాంతం, కోటి నంబరు 1967 ప్రాంతం. జైస్‌తో జాగ్రత్త. యుద్ధం తర్వాత దేశంతోపాటు కంపెనీ కూడా రెండు ముక్కలైంది. జేనాలో ఒకటి, ఒబర్‌కోఖెన్‌లో ఒకటి, ఎవరి లెక్క వాళ్లది. అద్దంలో నీలి ఊదా మెరుపు కనిపిస్తే పూత ఉన్నట్టు. మామూలుగా అది 1945 తర్వాతి లక్షణం. పాత లెన్సులకి తర్వాత పూత వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. షట్టరు మీద వేగాలు 25, 50, 100 అని ఉంటే పాత వరస. 30, 60, 125 అంటే కొత్తది. జర్మను సరుకు మీద డి.ఆర్.పి. అంటే రైఖ్ కాలపు పేటెంటు, డి.బి.పి. అంటే యుద్ధం తర్వాతి పశ్చిమ జర్మనీది. ఈ చిన్న చిన్న గుర్తులన్నీ కలిపి చదవాలి.

ఒక్కోసారి నంబరు పెళ్లి సంబంధం కూడా చెబుతుంది. ఎప్పుడైనా లిన్‌హాఫ్ టెక్నికా నీ చేతికి వస్తే లోపలి కామ్ ముక్క తీసి చూడు. రేంజ్‌ఫైండరుకి ఏ లెన్సు కోసం దాన్ని అరగదీశారో ఆ లెన్సు నంబరు దాని మీదే చెక్కి ఉంటుంది. ఆ నంబరూ, ముందున్న లెన్సు నంబరూ కలిస్తే వాళ్లిద్దరిదీ ఫ్యాక్టరీలో కుదిర్చిన జోడీ. కలవకపోతే రేంజ్‌ఫైండరు చూపే ఫోకస్ కూడా కుదరకపోవచ్చు. ఇంకో మాట, సీమ కెమెరాలతో వచ్చే చెక్క ప్లేట్ హోల్డర్ల మీద 1, 2, 3, 4 అని ఉంటాయి. అవి ఏ ప్లేటు వాడామో గుర్తుకే. "నాలుగో నంబరు కెమెరా, అరుదైనది" అని వాటిని చూపించి అమ్మజూపినవాళ్లని నేనెరుగుదును.

ఒక నోటుపుస్తకం పెట్టు. పెట్టెకి ఒక పేజీ, లెన్సుకి ఒకటి, షట్టరుకి ఒకటి, వెనక చట్రానికి ఒకటి. నువ్వు కళ్లారా చూసింది రాయి. దాన్నిబట్టి ఏ ఏడాదికి ముందు కాదో, ఏ ఏడాది తర్వాత కాదో రాయి. ఊహని పెన్సిలుతో రాయి. ఎవరైనా ఒక్క ఏడాది చెప్పమని ఒత్తిడి చేస్తే, ఆ పుస్తకం తెరిచి వాళ్ల చేతికివ్వు. 1912 అంటే ధర నాలుగు రెట్లు పలుకుతుందని నీ స్నేహితుడెవరో అన్నాడని రాశావే, అతనికి కూడా.

ఇక ఆ రెండక్షరాలు. కొడాక్ వాళ్లు ఎక్టార్ లెన్సుల మీద ఏడాదిని దాచి రాసేవాళ్లు. కామెరోసిటీ అని ఒక మాట కల్పించుకుని, అందులో వరసగా సి అంటే 1, ఎ అంటే 2, ఎం 3, ఇ 4, ఆర్ 5, ఓ 6, ఎస్ 7, ఐ 8, టి 9, వై అంటే సున్నా అనుకున్నారు. నంబరుకి ముందున్న రెండక్షరాలూ ఏడాది చివరి రెండంకెలు. ఆర్, ఎ ఉంటే 1952. ఇంత తేలికైన జాతకం ఇంకే కంపెనీ రాసివ్వలేదు, నువ్వేమో దాన్నే వదిలేసి చిల్లర అంకెలు పట్టుకున్నావు. పక్కన సున్నాలో ఎల్ అక్షరం ఉంటే పూత వేసిన అద్దమని అర్థం.

నీ ఫొటోలో మొదటి అక్షరం ఇ అని స్పష్టంగా ఉంది. రెండోదాని మీద ఫ్లాష్ వెలుగు పడింది. ఓ అయితే లెన్సు 1946ది, చెక్క పలకతో చక్కగా పొసగుతుంది, రేకు మీద ఫోల్మర్ అనే ఉందో లేదో మాత్రం మళ్లీ చూడాలి. ఎస్ అయితే 1947, అప్పుడు ఈ పెట్టెకి ఆ లెన్సు తర్వాత వచ్చి చేరిందేమో ఆలోచించాలి. ఫ్లాష్ ఆపి, కిటికీ దగ్గర పెట్టి, పక్కనుంచి వెలుగు పడేలా మళ్లీ ఒక్క ఫొటో తీసి పంపు. మీ నాన్నమ్మ ఫోనుకే పంపు, నాదానికొద్దు.