ఒసాన్ కథలో నవ్వు

ప్రాణాలు పోయే కథ చెబుతూ రచయిత నవ్వవచ్చునా? నవ్వు నాలుగు విధాల చేటని మన సామెత. వ్యంగ్యం ఉన్నచోట దయ ఉండదని నమ్మే విమర్శకులూ ఉన్నారు. ఒక జపాను కథ ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిస్తాను.

ఇహారా సైకాకు (1642-1693) ఒసాకా వర్తక కుటుంబంలో పుట్టినవాడు. ప్రేమించిన అయిదుగురు స్త్రీల కథలను 1686లో ప్రచురించాడు. మూడో కథలో నాయిక ఒసాన్, క్యోటోలో పంచాంగాల వర్తకుని భార్య. కథకు మూలం యథార్థమే. 1683లో ఆమెనూ, ఆమె ప్రియుణ్ణీ, మధ్యవర్తి అన్న నేరానికి ఒక దాసినీ అవాతగుచి వద్ద వధించారు.

భర్త వ్యాపారం మీద ఎడో వెళ్ళాడు. గుమాస్తా మొయెమోన్‌ను దాసి రిన్ వలచింది. ఆమెకు రాయడం రాదు. ఒసానే ఉత్తరం రాసిపెట్టింది. అతడు చులకనగా జవాబిచ్చాడు. అతన్ని నవ్వులపాలు చేయాలని ఒసాన్ దాసి పక్కమీద తాను పడుకున్నది. కేక వినగానే కర్రలతో రావలసిన పనివాళ్ళు నిద్రపోయారు. ఆమే నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఊరందరికీ మంచిరోజులు చెప్పే ఇంట్లో యజమానురాలికి తన చెడ్డరోజు తెలియలేదు! నిద్రలో ఉన్న స్త్రీకి జరిగినదాన్ని సైకాకు ఇంత తేలికగా దాటెయ్యడం నాకు సమ్మతం కాదు.

కాని కథ అక్కడ ఆగదు. పరువు ఎలాగూ పోయింది గనుక ప్రాణాన్నే పణంగా పెడతానని ఒసాన్ నిశ్చయించుకుంటుంది. బివా సరస్సులో మునిగి చనిపోయినట్టు నమ్మించి, అతనితో తంబా కొండల్లోకి పారిపోతుంది. మంజుశ్రీ బోధిసత్వుడు కలలో కనిపించి ఆశ వదిలి సన్యసించమంటే, మగవాళ్ళ మధ్య ప్రేమే తప్ప ఆడదాని ప్రేమ నీకేం తెలుసునని ఎదురడుగుతుంది. ఇంతవరకూ ఆమె మీద నవ్విన నవ్వు ఇక్కడ ఆమె చేతి ఆయుధమైంది. చివరికి ఊరూరా చెస్ట్‌నట్ కాయలమ్మే ఒక బేరగాడి మాటవల్ల గుట్టు బయటపడింది.

ఆనాటి న్యాయం ఎలాంటిది? భర్తల వినోదానికి క్యోటోలో షిమబారా, ఎడోలో యోషివారా వంటి వేశ్యావాటికలను ప్రభుత్వమే అనుమతించింది. భార్య దారి తప్పితే మరణదండన. సైకాకు ఈ చట్టాన్ని ఒక్క మాటా అనలేదు. పైగా నీతివాక్యాలు వల్లిస్తాడు. అయితే ఆ వాక్యాల పక్కన ఒసాన్ బతుకు ఎంత వెలుగుతుందంటే, వాటిని మనం నమ్మలేం.

ఇదే ఉదంతాన్ని చికమత్సు 1715లో నాటకం చేశాడు. అందులో ఒసాన్ భర్త కాముకత్వాన్ని బయటపెట్టడానికి దాసి పక్కమీద పడుకుంటుంది, పొరపాటు జరుగుతుంది. చివరకు ఒక బౌద్ధ గురువు ఆ జంటను కాపాడతాడు. ఇది ఉదాత్తమైన కరుణే. కాని అది నిర్దోషుల మీది కరుణ. నిర్దోషి అయితేనే జాలిపడతామనేది న్యాయాధికారి తర్కం కూడా.

సైకాకు తన నాయికను నిర్దోషిగా నిలబెట్టడు. చిలిపితనం ఆమెదే, తెగింపూ ఆమెదే. తప్పులున్న మనిషిని తప్పులతోనే ప్రేమించగలగడమే మానవత్వానికి పరీక్ష అని నేననుకుంటాను. అతని నవ్వు ఆమెను చిన్నబుచ్చలేదు; ఆమెకు పూజాపీఠం అక్కరలేదని మాత్రమే చెప్పింది. స్త్రీని దేవతనో, బాధితురాలినో చేస్తే తప్ప సానుభూతి చూపలేని మన కథకులు ఈ కథను ఒకసారి చదవాలి.