దానియేలుకు రెండు పేర్లు

ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి వచ్చిన పెద్దలకు, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల నుంచి వచ్చిన అన్నదమ్ములకు, సుగ్గికి వలసపోయి తిరిగొచ్చి నడుము వాల్చకుండానే ఈ కూటానికి వచ్చిన అక్కచెల్లెళ్లకు వందనాలు.

దానియేలు గ్రంథం తెరవండి, మొదటి అధ్యాయం. దానియేలు అనగానే మనకు సింహాల గుహ గుర్తుకొస్తుంది. అది ఆరో అధ్యాయం సంగతి. అప్పటికి ఆయన వృద్ధుడు. చెరపట్టి బబులోనుకు తెచ్చినప్పుడు కుర్రవాడు. ఆ రెంటి మధ్య అరవై ఏళ్లకు పైగా ఆయన ఏం చేశాడు? తన దేవుణ్ణి ఎరగని రాజుల కొలువులో పనిచేశాడు. పరాయి భాష నేర్చుకున్నాడు. పరాయి పేరుతో పిలిపించుకున్నాడు. పరాయి ప్రజల మేలు కోరాడు. అన్ని ఏళ్ల తర్వాత కూడా ఆయన దానియేలుగానే మిగిలాడు. ఎట్లా మిగిలాడు? ఈ పూట మన ధ్యానం అదే.

ముందు పేరు సంగతి చూద్దాం. ఆ నలుగురు యూదా కుర్రవాళ్లకు రాజు అధికారులు పేర్లు మార్చారు. దానియేలుకు బెల్తెషాజరు అని పెట్టారు. అది తన దేవత పేరును బట్టి పెట్టిన పేరని నాలుగో అధ్యాయంలో రాజే చెప్పుకుంటాడు. కొలువులో ఆయన బెల్తెషాజరు. మోకాళ్ల మీద ఉన్నప్పుడు దానియేలు.

ప్రియులారా, ఈ భాగం చదివినప్పుడల్లా నాకు మన పల్లెలు కళ్లముందు కదులుతాయి. బాప్తిస్మపు పుస్తకంలో ఒక పేరు, తహసీల్దారు ఆఫీసు కాగితంలో ఇంకో పేరు. ఇది ఎవరి సరదా కోసమో జరగలేదు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితా ఇచ్చింది. అందులో మూడో పేరా, హిందూ మతం కాక వేరే మతం పాటించేవారు ఆ జాబితాలోకి రారని చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను లోపలికి తీసుకున్నారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో ఎస్సీ కులాల నుంచి క్రీస్తులోకి వచ్చినవారిని బీసీ-సీ అన్నారు. ఆ గుంపుకు రిజర్వేషన్ ఒక్క శాతం. 2025లో మన హైకోర్టు, క్రైస్తవుడిగా మారిన మనిషి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని తీర్పు చెప్పింది. అంటే ఊళ్లో తిట్టేవాడు నీ మతం అడగడు, నీ తాత కులం చాలు వాడికి. స్టేషన్‌కు పోయి ఫిర్యాదు రాసేటప్పుడు మాత్రం నీకు ఆ కులం లేదంటారు.

ఈ ఇరుకులో నిలబడ్డ తల్లి సంగతి ఆలోచించండి. కొడుక్కి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. దరఖాస్తులో మతం గడి ఉంది. ఆమె చేయి వణుకుతుంది. ఆమెను వేలెత్తి చూపించే హక్కు మనకు లేదు. అబద్ధం రాయమని నేను ఈ వేదిక మీద నుంచి ఎవరికీ చెప్పను. నిజం రాసి సీటు పోగొట్టుకున్న బిడ్డకు ఫీజు కట్టని సంఘానికి, నిజం రాయలేకపోయిన తల్లిని నిందించే అర్హత ఉందా అని మాత్రం అడుగుతాను.

చట్టం తప్పనిపిస్తే ఏం చేయాలి? అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీలో దెబ్బలు తిన్నాడు. తెల్లారి అధికారులు గుట్టుగా వెళ్లిపొమ్మన్నారు. ఆయన పోలేదు. నేను రోమా పౌరుణ్ణి, మీరే వచ్చి నన్ను బయటికి తీసుకెళ్లండి అన్న భావంతో నిలబడ్డాడు. తన పౌరహక్కును వాడుకోవడం ఆయనకు విశ్వాసానికి తక్కువ పనిగా తోచలేదు. మనకూ ఆ దారి ఉంది. ఆ మూడో పేరాను తీసేయాలని జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. 2023 మార్చిలో మన శాసనసభ, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. అదే రోజు బోయ, వాల్మీకులను ఎస్టీల్లో చేర్చాలని కూడా తీర్మానించింది. మన పక్క వీధి బోయ సోదరుడి ఆశ, మన ఆశ ఒకే రోజు సభలో వినిపించాయి. కాబట్టి అర్జీ పెట్టండి, కోర్టుకు పోండి, ప్రతినిధిని నిలదీయండి. వెలుగులో, పేరు రాసి, సంతకం పెట్టి చేయండి.

అయితే బయట న్యాయం అడిగేవాళ్లం లోపల ఏం చేస్తున్నాం? ఆదికాండం మొదటి అధ్యాయం ప్రకారం దేవుడు మనిషిని తన స్వరూపంలో చేశాడు. అప్పటికి యూదుడు లేడు, అన్యుడు లేడు, రాజు లేడు, కులం లేదు. మనిషికి మొదటి గుర్తింపు అది. తహసీల్దారు అది ఇవ్వలేడు, కోర్టు అది తీసేయలేదు. ఆ మాట నమ్మిన మన సంఘాల్లో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న ఏమిటి? సమాధుల తోటలో గీత ఎక్కడ గీస్తున్నాం? 2025లో రాష్ట్రం ఎస్సీల 15 శాతాన్ని మూడు భాగాలు చేసింది: రెల్లి ఉపకులాలకు 1, మాదిగ ఉపకులాలకు 6.5, మాల ఉపకులాలకు 7.5. దాని మీద మీకు ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు. ఆ వాదన పంచాయతీ ఆఫీసు ముందు చేయండి. ప్రభువు బల్ల దగ్గరికి తేవద్దు. ఒకే రొట్టె విరిచి తినే చోట నువ్వెవరు, నేనెవరు అని లెక్క తీసిన రోజు, మన గుర్తింపు గురించి లోకానికి చెప్పడానికి మనకు నోరుండదు.

ఇప్పుడు సంస్కృతి సంగతికి వద్దాం. దానియేలు కల్దీయుల భాష, వాళ్ల గ్రంథాలు మూడేళ్లు చదివాడు. పారిపోలేదు. ఆ చదువులో రాజ్యమంతటా తనకు సాటి లేనివాడయ్యాడు. పేరు మార్చితే గొడవ చేయలేదు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగిపోయాడు. ఆగినప్పుడు కూడా పళ్లెం తోసేయలేదు. అధికారిని మర్యాదగా అడిగాడు, ఆ అధికారి భయాన్ని అర్థం చేసుకున్నాడు, పది రోజులు కూరగాయలు పెట్టి చూడండని ఒక దారి చూపాడు. ఏది నేర్చుకోవాలి, ఏది సహించాలి, ఎక్కడ ఆగాలి అన్న వివేకం ఆ కుర్రవాడికి ఉంది. మనలో కొందరికి అన్నీ వద్దు, ఇంకొందరికి అన్నీ కావాలి. రెండూ ఆలోచించకుండా నడిచే దారులే.

ఎమ్మిగనూరు వాళ్లకు నేను మగ్గం గురించి చెప్పాల్సిన పని లేదు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు మీది. పడుగు ఒకసారి మగ్గానికి ఎక్కిస్తే చీర దిగేదాకా అదే పడుగు. పేకలో రంగులు మార్చుకోవచ్చు. క్రీస్తు మన పడుగు. తెలుగు పద్యం, కీర్తన, కోలాటం, జొన్నరొట్టె, సంక్రాంతికి ఇంటికి వచ్చిన ఆడబిడ్డ, ఇవన్నీ పేకలో పడే రంగులు. పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలోనే తెలుగు రాగాల్లో క్రీస్తును పాడారు. గుర్రం జాషువా పద్యంలో 'క్రీస్తు చరిత్ర' రాస్తే 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. క్రీస్తును పాడటానికి ఆయన తెలుగు పద్యాన్ని వదలలేదు. మన పిల్లలు వేమనను, జాషువాను చదవాలి. ఈ ఆదోని గడ్డ 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది, కన్నడం, ఉర్దూ ఇప్పటికీ మన వీధి భాషలే. అవి కూడా నేర్చుకోవాలి. దానియేలు నేర్చుకున్నట్టు నేర్చుకోవాలి.

ఎక్కడ ఆగాలి అంటే రెండు ప్రశ్నలు వేసుకోండి. నేను చేసే ఈ పని దేవునికి మాత్రమే చెందే ఆరాధనను వేరొకరికి ఇస్తుందా? దేవుని స్వరూపంలో ఉన్న ఒక మనిషిని ఇది తక్కువ చేస్తుందా? ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా దానియేలులా మర్యాదగా ఆగిపోండి.

రెండో ప్రశ్న మన పడమటి పల్లెల్లో చాలా పదునైనది. ఆడబిడ్డకు పెళ్లి చేయకుండా దేవుడి పేరిట బసివినిగా విడిచే ఆచారం ఇక్కడ ఉండేది. 1988లో మన రాష్ట్రం దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా అట్లా విడిచిన ఆడవాళ్లు మన మధ్యే ముసలివాళ్లయ్యారు. బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు అడిగితే వాళ్ల పిల్లలు తల దించుకున్నారు. ఆ తల దించిన పిల్లవాడికి సువార్త ఏం చెబుతుంది? మత్తయి సువార్త మొదటి పేజీ తీయండి. యేసు వంశావళిలో తామారు ఉంది, రాహాబు ఉంది, రూతు ఉంది, ఊరియా భార్య ఉంది. లోకం గుసగుసలాడిన స్త్రీలను దేవుడు తన కుమారుని వంశంలో ఎక్కించాడు. అలాంటి తల్లి మన గుడికి వస్తే ఆమెకు వెనక చాప చూపిస్తామా? ఆ ఆచారాన్ని ఖండించడం సులువు. ఆమె కూతురి పెళ్లికి పెద్దగా నిలబడటం కష్టం. దేవుడు మనల్ని ఆ కష్టమైన పనికే పిలిచాడు.

ఇక రాజకీయం. దానియేలు రాజకీయాల్లోనే బతికాడు. ఆయన దగ్గర మూడు సంగతులు నేర్చుకుందాం.

రెండో అధ్యాయంలో తన కల చెప్పలేకపోయారని రాజు కోపంతో బబులోను జ్ఞానులందరినీ చంపమన్నాడు. దేవుడు కల భావం తెలిపాక దానియేలు రాజు అధికారితో మొదట అన్నదేమిటి? ఆ జ్ఞానులను చంపవద్దు. వాళ్లు ఆయన మతం వాళ్లు కారు. అయినా ముందు వాళ్ల ప్రాణం అడిగాడు. ఆదోనిలో జామియా మసీదు ఉంది, అవ్వ జాతర ఉంది, పక్కనే మంత్రాలయం మఠం ఉంది, ఉరుకుంద గుడి ఉంది. పొరుగువాడి గుడికి, మసీదుకు ఆపద వస్తే మొదట మాట్లాడేది మనమే కావాలి. శ్రావణంలో ఉరుకుందకు నడిచిపోయే వాళ్లకు చల్లటి నీళ్లివ్వండి. కరపత్రం పెట్టకుండా ఇవ్వండి. 1876-78 కరువు బళ్లారిని, కర్నూలును ఊడ్చేసిన రోజుల్లో ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి ఆకలిగొన్న వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ కరువు కాలంలో బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు, అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని. మన సేవ మీద అనుమానం ఉన్న ఈ రోజుల్లో ఆ నిజాయితీ మనకు కావాలి.

నాలుగో అధ్యాయంలో దానియేలు నెబుకద్నెజరు ముందు నిలబడి, పాపం మానుకొని నీతిగా ఉండు, బాధలో ఉన్నవారి మీద కరుణ చూపించు అని చెప్పాడు. జీతమిచ్చే రాజుకే చెప్పాడు. మన రాష్ట్రంలో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం వచ్చింది. తీసుకున్నవారిని నేను తప్పుపట్టను. తీసుకున్న నోరు మూతపడితే తప్పుపడతాను. ఎన్నికల ముందు ఏ పార్టీ నాయకుడు గుడికి వచ్చినా కూర్చోబెట్టండి, ప్రార్థన చేయండి. మొత్తం సంఘం ఓట్లు మీవే అని మాట ఇవ్వకండి. ఆ ఓట్లు మీవి కావు. వచ్చినవాణ్ణి అడగండి: తుంగభద్ర దిగువ కాలువ చివరి ఎకరాకు నీళ్లు ఎప్పుడు వస్తాయి? 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయి నీళ్లు నదిపాలయ్యాయి, అట్లాంటిది మళ్లీ జరగకుండా ఏం చేస్తున్నారు? మా అక్కచెల్లెళ్లు గుంటూరు మిరపచేలకు పోకుండా ఇక్కడే పని ఎప్పుడు దొరుకుతుంది? అమ్మానాన్నల వెంట పోయిన పిల్లల బడి సంగతేమిటి? ఇవి క్రైస్తవుల ప్రశ్నలు మాత్రమే కావు, ఊరందరివీ. రాజ్యాంగ సభలో మన క్రైస్తవ పెద్దలు చట్టసభల్లో మతం పేరిట ప్రత్యేక సీట్లు వద్దనుకున్నారు. ఊరందరితో కలిసి నడవడమే మేలని నమ్మారు. ఆ నమ్మకాన్ని మనం నిలబెట్టాలి.

ఆరో అధ్యాయంలో శత్రువులు దానియేలు మీద నేరం మోపాలని ఆయన ఉద్యోగమంతా వెతికారు. ఒక్క తప్పు దొరకలేదు. చివరికి ఆయన ప్రార్థన మీద కేసు పెట్టాల్సి వచ్చింది. సచివాలయంలో, మార్కెట్ యార్డులో, రేషన్ షాపులో, బడిలో పనిచేసే విశ్వాసులారా, మీ మీద మోపడానికి ప్రార్థన తప్ప ఇంకేమీ దొరకని విధంగా పనిచేయండి. మన రాజకీయ సాక్ష్యానికి అంతకంటే బలం లేదు.

ముగిస్తున్నాను. సంఘ పెద్దలకు నా విన్నపం ఒకటుంది. ప్రతి సంఘం తన కానుకల్లోంచి ఒక భాగం పక్కన పెట్టండి. తన విశ్వాసాన్ని దాచకుండా రాసి సీటో, స్కాలర్‌షిప్పో పోగొట్టుకున్న బిడ్డకు ఆ డబ్బుతో ఫీజు కట్టండి. ఆ బిడ్డ మాలా, మాదిగా, బోయా, బసివిని కూతురా అని అడగకండి. గుడి గోడకు రంగులు వచ్చే ఏడాది వేసుకోవచ్చు. ఈ నెలాఖరుకల్లా పెద్దలు కూర్చొని ఈ నిర్ణయం తీసుకోండి, ఆ తర్వాత వచ్చే ఆదివారమే సంఘం ముందు ప్రకటించండి. దేవుడు మీ ఇళ్లను, మన ఊళ్లను దీవించును గాక. ఆమేన్.