కానరానిదీ లేనిదీ

ఒక వస్తువు కనబడకపోవడం, ఆ వస్తువు లేకపోవడం ఒకటి కావని భారతీయ ప్రమాణశాస్త్రం ఏనాడో గుర్తించింది. భాట్ట మీమాంసకులు, వారి వలెనే అద్వైతులు, అనుపలబ్ధిని ఆరవ ప్రమాణంగా అంగీకరించారు. అయితే దానికొక నియమం విధించారు. పగటి వెలుతురులో, కళ్లెదుట ఉన్న నేలమీద కుండ కనబడకపోతే కుండ లేదని నిశ్చయించవచ్చు. చీకటి గదిలో కనబడకపోతే ఆ నిశ్చయానికి ఆధారం లేదు. ఉండి ఉంటే తప్పక కనబడవలసిన చోట కనబడకపోవడమే అభావానికి సాక్ష్యం. దీనినే యోగ్యానుపలబ్ధి అన్నారు. పండితసభలలో చర్చించిన ఈ సూక్ష్మం నేడు కంప్యూటరు తెర ముందు కూర్చున్న అధికారికి నిత్యావసరమైంది. నేలను గురించిన నిర్ణయాలు నేలమీద నిలబడి కాక, ఆకాశం నుండి తీసిన చిత్రాన్ని చూసి జరగడం క్రమంగా పెరుగుతున్నందువల్ల ఈ ప్రశ్న కేవలం తాత్త్వికం కాదు, నైతికం కూడా.

ఆ చిత్రాలను సామాన్యుడు సైతం చూడగల సౌకర్యం ఈ శతాబ్దంలో ఏర్పడింది. ఇస్రో 2009 ఆగస్టులో ప్రారంభించిన ‘భువన్’, నాసా నిర్వహించే ‘వరల్డ్‌వ్యూ’ అటువంటివి. ‘వరల్డ్‌వ్యూ’లో పటాన్ని ఉత్తర ధ్రువం కేంద్రంగానో, దక్షిణ ధ్రువం కేంద్రంగానో మార్చుకొని, సముద్రం మీది మంచు ఏ తేదీన ఎంతవరకు వ్యాపించిందో పరిశీలించవచ్చు. ఇటువంటి ప్రత్యేక పటం అవసరం కావడానికి కారణముంది. నిత్యవ్యవహారంలో వాడే ఆన్‌లైన్ మ్యాపులు చాలావరకు మెర్కేటర్ 1569లో రూపొందించిన పద్ధతికి మార్పుచేసిన రూపాలు. ఆ పద్ధతిలో ధ్రువబిందువును చూపడం గణితరీత్యా అసాధ్యం. అందుచేత అవి సుమారు 85 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆగిపోతాయి. కోట్లమంది చూసే పటంలో ధ్రువానికి చోటు లేదు. అంతమాత్రాన ధ్రువమే లేదని ఎవరూ అనుకోరు.

ధ్రువాల కోసమే తయారుచేసిన పటంలోనూ చూపుకు హద్దులున్నాయి. సముద్రపు మంచును 1978 చివరి నుండి ఉపగ్రహాలు సూక్ష్మతరంగాల సాయంతో కొలుస్తున్నాయి. వాటి కక్ష్య సరిగ్గా ధ్రువం మీదుగా పోదు, కొంత వాలి ఉంటుంది. ఫలితంగా ఉత్తర ధ్రువం చుట్టూ ఒక వలయం వాటి కంటికి అందదు. తొలి పరికరం విషయంలో ఆ వలయపు వ్యాసార్థం 611 కిలోమీటర్లు. తరువాతి తరం పరికరాలతో 311కు, ఆ తరువాతి వాటితో 94కు తగ్గింది. మంచు విస్తృతిని లెక్కించేటప్పుడు ఆ వలయమంతా మంచేనని శాస్త్రజ్ఞులు భావిస్తారు. భావించిన సంగతిని దాచకుండా లెక్క పక్కనే ప్రకటిస్తారు. మరొక నియమమూ ఉంది. సముద్రాన్ని సుమారు 25 కిలోమీటర్ల గడులుగా విభజించి, ఏ గడిలో కనీసం 15 శాతం మంచు ఉంటే ఆ గడి మొత్తాన్ని మంచు కప్పినట్లే లెక్కిస్తారు. 1981–2010 మధ్య సగటున సుమారు 62 లక్షల చదరపు కిలోమీటర్లుగా ఉన్న ఆర్కిటిక్ వార్షిక కనిష్ఠ విస్తృతి 2012 సెప్టెంబరులో సుమారు 34 లక్షలకు పడిపోయిందని చెప్పినప్పుడు, ఆ అంకెల వెనుక ఈ నియమాలన్నీ ఉన్నాయి. అయినా ఆ అంకెలు విశ్వసనీయమైనవే. తాము ఎక్కడ చూడలేదో, దేనిని ఎలా లెక్కించారో కొలిచినవారు ముందే ఒప్పుకున్నారు కనుక వాటికి ఆ విశ్వసనీయత వచ్చింది.

ధ్రువాలకు సమీపంగా తిరిగే ఉపగ్రహాలే దండకారణ్యం మీదుగానూ పోతాయి. అంటార్కిటికాలో లార్సెమన్ కొండల దగ్గర 2012లో భారతదేశం నెలకొల్పిన ‘భారతి’ కేంద్రంలో, మన ఉపగ్రహాల సమాచారాన్ని అందుకునే స్టేషను 2013 నుండి పనిచేస్తున్నది. అక్కడ అందిన సమాచారం హైదరాబాదు సమీపంలోని షాద్‌నగర్‌కు చేరుతుంది. బస్తరు అడవి చిత్రాలూ ఆ షాద్‌నగర్‌కే వస్తాయి. రెండింటినీ చూసే కన్ను ఒకటే. కాని చూడబడుతున్నవి ఒకే విధమైనవి కావు.

చింతలనార్ ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుండి జగర్‌గుండ పోయే దారిలో ఉన్న గ్రామం. పేరు వినగానే తెలుగు చెవికి చింతచెట్టు స్ఫురిస్తుంది. గోండిలో ‘నార్’ అంటే ఊరు. శబరీ నది గోదావరిలో కలిసే ప్రాంతానికి ఎగువన, గోండి, దొర్లి, హల్బీ, తెలుగు మాటలు కలిసిమెలిసి వినబడే సీమ అది. బయటి ప్రపంచానికి ఆ ఊరి పేరు ఎక్కువగా తెలిసింది 2010 ఏప్రిల్ 6న. ఆనాడు సమీపంలోని తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మరుసటి సంవత్సరం మార్చిలో తాడిమెట్ల, తిమ్మాపురం, మోర్‌పల్లి గ్రామాలలో ఇళ్లు తగలబడ్డాయి.

ఈ అడవిని ఆన్‌లైన్ మ్యాపులో వేసవి ఆరంభాన చూస్తే ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి ఉపగ్రహం గుర్తించిన అగ్నిస్థానాలు. ఉపగ్రహం చూసేది వేడిని మాత్రమే. దాని గడి 375 మీటర్లది కావచ్చు, ఒక కిలోమీటరుది కావచ్చు. అందులో మంట చిన్నదైనా చుక్క మాత్రం ఆ గడి మొత్తానికి పడుతుంది. ఆ కాలంలోనే ఇప్పపూలు రాలుతాయి. పూలు ఏరుకోవడానికి వీలుగా చెట్టుకింది ఎండుటాకులను కాల్చడం అడవిపల్లెల్లో వాడుక. ఆ మంట అదుపు తప్పి కార్చిచ్చు అయ్యే ప్రమాదమూ లేకపోలేదు. ఇప్పచెట్టు కింది మంట, కార్చిచ్చు, తగలబడుతున్న ఇల్లు – మూడింటికీ పటంలో ఒకే రంగు చుక్క. చెట్ల గుబురు కింద నేలను పాకే చిన్న మంటకు అసలు చుక్కే పడకపోవచ్చు. 2011 నాటి దహనాల దర్యాప్తును సుప్రీంకోర్టు ఆ ఏడాది జూలై 5న సి.బి.ఐ.కి అప్పగించింది. ఇల్లు కాలిందని ఆకాశం నుండి చెప్పవచ్చు, ఎవరు కాల్చారో చెప్పవలసింది నేలమీది సాక్షులే.

ఇక్కడ మరొక ప్రమాణం ప్రవేశిస్తుంది. తెలుగువాడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ప్రత్యక్షానుమానోపమానాల సరసన శబ్దాన్ని నిలిపి, ఉన్నది ఉన్నట్లు చెప్పేవాడే ఆప్తుడని నిర్వచించాడు. ఆప్తత్వానికి చదువు, పదవి నియమాలు కావు. ఈ దృష్టి మన చట్టంలోనూ కనిపిస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద, అడవిభూమిని 2005 డిసెంబరు 13కు ముందు నుండి సాగుచేస్తున్నట్లు గిరిజనుడు నిరూపించుకోవాలి. బీడు వదిలిన పోడు చిత్రంలో అడవిగానే కనబడవచ్చు. చెట్ల నడుమ చెలకకు గుర్తే ఉండకపోవచ్చు. అందుకే హక్కుదారు కాని గ్రామపెద్దల వాంగ్మూలాన్ని వ్రాతలో పెట్టి సాక్ష్యంగా స్వీకరించవచ్చునని నిబంధనలు అంటున్నాయి. ఉపగ్రహచిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు గాని వాటి స్థానాన్ని ఆక్రమించరాదని 2012 సెప్టెంబరు సవరణ స్పష్టం చేసింది.

మనిషి మాటకు స్వార్థం ఉంటుంది, చిత్రానికి ఉండదు కదా అని ఆక్షేపించవచ్చు. చిత్రం అబద్ధమాడదన్నది నిజమే. కాని 15 శాతమే హద్దు కావాలని, ఈ వేడికి ఎరుపు రంగు వేయాలని నిర్ణయించింది మనుషులే. వృద్ధుడి మాటను గ్రామసభ నలుగురిలో పరీక్షించగలదు, గడి పరిమాణాన్ని గ్రామసభ ప్రశ్నించలేదు. పోవడానికి వీలులేని చోట చిత్రం తప్ప గతి లేదన్న వాదానికి ఇంకొంత బలముంది. అధికారి చేరలేని పల్లెలు ఉన్న మాట వాస్తవం. అటువంటప్పుడు చిత్రాన్ని వాడుకోవడం దోషం కాదు. చూడని చోట సున్న వ్రాయడమే దోషం. ‘సాగు లేదు’ అన్న వాక్యానికి, ‘సాగు ఉన్నదో లేదో ఈ చిత్రంలో తెలియదు’ అన్న వాక్యానికి నడుమ ఒక కుటుంబపు జీవనాధారం ఉంది.

అంటార్కిటికాలో తరతరాలుగా స్థిరపడిన ప్రజ లేదు. తన నేల గురించి మాట్లాడేందుకు అక్కడ ఎవరూ లేరు. అందువల్లనే 1991లో మాడ్రిడ్‌లో కుదిరి 1998లో అమలులోకి వచ్చిన ఒడంబడిక ద్వారా దేశాలు అక్కడ శాస్త్రపరిశోధనకు తప్ప ఖనిజాల జోలికి పోరాదని తమకు తామే కట్టడి విధించుకున్నాయి. భారతదేశం 2022లో అంటార్కిటికా కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. మాట్లాడలేని భూమి పట్ల చూపిన ఈ శ్రద్ధ ప్రశంసనీయం. మాట్లాడగల మనుషులున్న భూమి పట్ల చూపవలసిన శ్రద్ధ దీనికి తక్కువది కారాదు, అయితే దాని స్వభావం వేరు. ధ్రువం విషయంలో చూపరి తన చూపు హద్దులను నిజాయితీగా ప్రకటిస్తే అతని ధర్మం చాలావరకు తీరుతుంది. చింతలనార్ విషయంలో అది సగమే తీరుతుంది. పటంలో ఖాళీగా ఉన్న చోట ఏమున్నదో తెలిసినవారు అక్కడే ఉన్నారు కనుక వారిని అడగడం, వారు చెప్పినదాన్ని చిత్రంతో సమానంగా దస్త్రంలో నమోదు చేయడం మిగిలిన సగం.