కొండగాలికి హక్కుదారులెవరు?

గుంటూరు మిర్చియార్డుకు ఏటా మే నెలలో వేసవి సెలవులిస్తారు. ఎండలు ముదురుతాయి, సరుకు రాక పలచబడుతుంది, ఇంచుమించు నెలరోజులు క్రయవిక్రయాలు ఆగిపోతాయి. ఆ నెలలోనే వ్యాపారి పెళ్ళాంబిడ్డలతో అరకుకో ఊటీకో ప్రయాణం కడతాడు. బస్తాకింతని కూలి తీసుకునే హమాలీకి ఆ నెలలోనే మోయడానికి బస్తా ఉండదు, కనుక కూలీ ఉండదు. సెలవు ఒక్కటే, ఒకరికి విశ్రాంతి, మరొకరికి పస్తు. కొండలకు వెళ్ళి సేదతీరడం ధర్మమా, అధర్మమా అనే ప్రశ్నను ఈ యార్డు గేటు దగ్గర నిలబడి వేసుకోవాలి. డ్రాయింగురూములో వేసుకుంటే అది ఉత్త కబుర్లకే పనికివస్తుంది.

మన శిబిరంలో దీనికి చాలాకాలం ఒక సులువైన జవాబుండేది: పలాయనవాదం. భావకవులను విమర్శించడానికి వాడిన మాటనే కొండదారి పట్టిన ప్రతివాడికీ తగిలించాం. జనం ఆకలితో అలమటిస్తూంటే నీకు లోయలూ, వెన్నెలా కావలసివచ్చాయా అని గద్దించాం. ఆ గద్దింపులో నిజాయితీ లేకపోలేదు. కాని దాని చాటున ఒక సన్యాసి కూర్చుని ఉన్నాడని మనం గమనించలేదు. ఆనందమే పాపమన్నది సన్యాసి మాట. ఆనందాన్ని కొద్దిమందే దక్కించుకోవడం అన్యాయమన్నది మన మాట. ఈ రెంటినీ కలగాపులగం చేశాం. మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ 1880లోనే సోమరిగా ఉండే హక్కును గురించి పుస్తకం రాశాడు. మార్క్స్ సైతం పనిగంటల తగ్గింపును స్వేచ్ఛకు పునాదిగా చెప్పాడే గాని, మిగిలిన గంటల్లో కూడా పనిచేయమనలేదు!

1932 ఏప్రిల్ 24న ఇంగ్లండులో మాంచెస్టరు ప్రాంతపు కార్మిక యువకులు వందలాదిగా కదిలి కిండర్ స్కౌట్ అనే కొండమీదికి నడిచారు. అది భూస్వాముల పక్షివేటకు ప్రత్యేకించిన కొండ, సామాన్యుడు అడుగుపెట్టరాదు. ముందు నడిచిన బెన్నీ రోత్‌మన్ అనే యువ కమ్యూనిస్టుతో కలిపి ఐదుగురికి జైలుశిక్ష పడింది. కొండలమీద జనం నడిచేందుకు ఏర్పాట్లకు దారితీస్తూ 1949లో అక్కడ చట్టం వచ్చింది. వారమంతా మిల్లు పొగ మింగినవాడు ఆదివారంనాడు కొండగాలి అడగడాన్ని పలాయనమని ఎవరనగలరు? ఫ్రెంచి కార్మికులు కూడా 1936లో సమ్మెలుచేసే జీతంతో కూడిన రెండువారాల సెలవు సాధించుకున్నారు.

మన దేశంలో కొండ విహారం పుట్టుక వేరు. తెల్లదొరలు ఎండకు జడిసి కొండలెక్కారు. ఊటీ మద్రాసు ప్రెసిడెన్సీకి వేసవి రాజధాని. గుంటూరు ఆ ప్రెసిడెన్సీలోదే. అంటే ఆ చల్లదనం ఖర్చులో మన రైతు కట్టిన శిస్తు కూడా ఉంది. అదే ప్రభుత్వం పల్నాటి అడవుల్లో పశువు మేసినందుకు పుల్లరి వసూలు చేసింది. ఎదురుతిరిగిన కన్నెగంటి హనుమంతును 1922లో పోలీసులు కాల్చిచంపారు. దొరగారు నెలల తరబడి కొండమీద కాపురముండవచ్చు. పల్నాటి గొడ్డు మాత్రం పన్ను చెల్లించనిదే పరక కొరకరాదు.

ఆ ఏడే మన్యమూ లేచింది. 1882 అటవీ చట్టం పోడు వ్యవసాయానికి సంకెళ్ళు వేసింది. దానికితోడు నర్సీపట్నం, లంబసింగి మధ్య రోడ్డు పనుల్లో గిరిజనులచేత అరకొర కూలికి, అదీ సరిగా ఇవ్వక, వెట్టిగా చాకిరీ చేయించారు. గూడెం తాసీల్దారు బాస్టియన్ పేరు అల్లూరి తిరుగుబాటు చరిత్రలో ఇందుకే నిలిచింది. ఇప్పుడు డిసెంబరు, జనవరి నెలల్లో ఆ లంబసింగికే మంచు చూడటానికి మన మైదానాలనుంచి కార్లు బారులు తీరుతున్నాయి. అరకు, లంబసింగి ఉన్న జిల్లాకు 2022లో అల్లూరి పేరే పెట్టారు. పేరు పెట్టడం తేలిక.

అరకులో ధింసా సంగతి మరికొంత చిక్కు. చైత్రంలో వచ్చే పండుగకూ, పెళ్ళిళ్ళకూ స్త్రీలు ఒకరి నడుము వెనుకనుంచి మరొకరు చేతులు పెనవేసుకుని ఆడే నృత్యమది. నేడది వసతిగృహాల ఆవరణల్లో యాత్రికుల కోసం సాయంకాలపు కార్యక్రమమైంది. కళను అమ్ముకున్నారని ఈసడించడం నాకు నచ్చదు. సురభివారూ టిక్కెట్లు అమ్మారు. నన్ను వేధించేది వేరు: ఎంతసేపు ఆడాలో, ఎంత పుచ్చుకోవాలో నిర్ణయించేదెవరు? ఆ వసతిగృహం నిలిచిన నేల ఎవరిది? గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించిన 1/70 చట్టానికి అర్ధశతాబ్ది దాటినా బినామీల ఆరోపణలు ఆగలేదు. బొర్రా గుహలు చూసివచ్చే మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు వ్యక్తులకు గనుల లీజులు చెల్లవన్న 1997 నాటి సమత తీర్పుకు మూలం ఆ బొర్రా ప్రాంతపు గనుల తగాదాయేనని?

కొండా, కళా, విశ్రాంతీ కలిసిన చోటు మనకు దగ్గరలోనే ఒకటుంది: నరసరావుపేట పక్కన కోటప్పకొండ. శివరాత్రి తిరునాళ్ళకు చుట్టుపట్ల గ్రామాలు చందాలు వేసుకుని, వెదుళ్ళతో ఎత్తయిన ప్రభలు కట్టి, దీపాలు అలంకరించి తరలిస్తాయి. దాని వెనుక ఊరి వడ్రంగీ, రైతూ, కూలీ కలిసి పడిన వారాల శ్రమ ఉంటుంది. పత్తీ మిరపా చేతికొస్తున్న రోజుల్లో, ఆ ఒక్క రాత్రి పల్లె పల్లెంతా కొండకింద మెలకువగా ఉంటుంది. ఇందులో మూఢభక్తి లేదనను. కులాల పోటీ, ప్రభలమీది రికార్డింగు డాన్సులు నేనూ ఎరుగుదును. అయినా మనం వాటిని చూసి ముఖం తిప్పుకుని, ఊటీ చిత్రపటానికి మాత్రం గోడమీద చోటిచ్చాం.

అయితే ఆ రాత్రికూడా కర్నూలు పడమటి పల్లెలనుంచి మిరపకోతకు వలసవచ్చిన కుటుంబాలు మన చేలగట్లమీద పట్టాల గుడారాల్లోనే పడుకుంటాయి. ప్రయాణం వారూ చేశారు, మనకన్న ఎక్కువ దూరమే. తెల్లవారితే ఘాటుకు కళ్ళు మండుతూ మళ్ళీ సాళ్ళలోకి దిగుతారు.

హమాలీకి సెలవు నెలలో భృతి ఇవ్వాలన్న కోరికను మనం కార్మిక సంఘాలకు వదిలేసి, సాహిత్యసభల్లో సౌందర్యతత్త్వం చర్చించుకుంటున్నాం. ఆ కోరిక సౌందర్యానికి సంబంధించినదే. భృతి ఎవరివ్వాలంటే కొన్నవాడు కమిషన్ ఏజెంటును చూపుతాడు, అతడు యార్డును చూపుతాడు. ముందు ఆ లెక్క తేలాలి. తేలాక, ఆ నెలలో హమాలీ అరకు రైలెక్కుతాడో, కోటప్పకొండ మెట్లెక్కుతాడో, ఇంటిముందు వేపచెట్టుకింద మంచం వాల్చుకుంటాడో అతని ఇష్టం.