ఋషుల అప్పు

మనిషి అప్పుతోనే పుడతాడంటుంది వైదిక వాఙ్మయం. తైత్తిరీయ సంహిత మూడు అప్పులు లెక్కపెట్టింది: దేవతలకు, ఋషులకు, పితరులకు. శతపథ బ్రాహ్మణం తోటి మనుషులకు ఉన్న అప్పును నాలుగోదిగా చేర్చింది. ఋషుల అప్పు తీరేది చదువుతో. చదువుకున్నవాణ్ణి ఋషుల నిధికి కాపలాదారు అంటారని కూడా శతపథమే చెప్పింది. తమిళనాట వేలూరులోనో గుడియాత్తంలోనో ఇంట్లో తెలుగు మాట్లాడే ఒక పిల్ల బడిలో తెలుగు సాహిత్యం చదవాలనుకుంటే అది ఆమె సొంత ముచ్చటా, లేక ఈ అప్పు తీర్చడమా? ముచ్చటే అయితే మెచ్చుకుని ఊరుకోవచ్చు. అప్పయితే మాత్రం అది ఆమె ఒక్కదానిదే కాదు, ఆ భాషలో మాట్లాడి బతికిన మనందరిదీ. అందరి బాకీనీ ఒక పిల్ల నెత్తిన పెట్టి తప్పుకోవడం అన్యాయమని నా నమ్మకం.

ఋషిఋణం వేదాధ్యయనం గురించి చెప్పిన మాట, అదీ కొన్ని వర్ణాలకే, నేతగాడి బిడ్డకు దాంతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ గీతను తెలుగు సాహిత్యం ఎప్పుడో చెరిపేసింది. కుమ్మరి ఇంటి మొల్ల రామాయణం చెప్పింది, వేమన గుడి మెట్లు ఎక్కకుండానే తత్త్వం చెప్పాడు. నిధి ఇన్ని ఇళ్ల నుంచి చేరినప్పుడు కాపలా ఒక్క ఇంటిదే ఎట్లా అవుతుంది? ఆ కాపలా లేకపోతే ఏమవుతుందో తిరుమలలో చూశాం. అన్నమయ్య 32,000 సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. కొడుకు పెద తిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించాడు. రేకులు గుడిలోనే ఒక అరలో శతాబ్దాలపాటు పడి ఉన్నాయి. అక్షరం చెక్కుచెదరలేదు, చదివేవాడే లేడు. 20వ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రిలాంటివాళ్లు కూర్చుని ఒక్కో రేకూ చదివాకే 12,000కు పైగా పాటలు మళ్లీ మన నోటికి వచ్చాయి. రాగి కాపాడింది లోహాన్నే. పాటను కాపాడింది చదవగలిగిన మనిషి.

పలమనేరు వైపు నుంచి దిగివచ్చే కౌండిన్య నది గుడియాత్తాన్ని ఒరుసుకుని పోతుంది. తెలుగూ ఆ దారిన వచ్చిందే. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా ఇదంతా ఉత్తర ఆర్కాటు. 'కవిత్వతత్త్వ విచారము' రాసిన కట్టమంచి రామలింగారెడ్డి పుట్టింది కూడా ఆ పాత జిల్లాలోనే. అటువంటి చోట తెలుగు ఇప్పుడు వంటింట్లో బతుకుతూ, పలకకు దూరమవుతోంది. మాట నాలుక మీద ఉంటే చాలదా అంటారు. తెలుగు లిపి రాని పిల్ల ఇంటి మాటను తమిళ అక్షరాల్లో రాసుకుంటుందనుకోండి. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకూ ఒకటే. గంప, కంప ఒకటైపోతాయి. బుట్టేదో ముల్లేదో కాగితం చెప్పదు. 'బడి' అని రాస్తే 'పడి' అవుతుంది. తమిళంలో ఆ మాటకు 'చదువు' అని అర్థం. ఎంత ముద్దొచ్చే కలయిక! అయినా ఆమె రాయాలనుకున్న మాట మాత్రం కాగితం మీద లేదు. తమిళ లిపి తమిళానికి నిండుగా సరిపోతుంది, లోపం దానిది కాదు. ఒక భాష సాహిత్యం తన కొలతకు కుట్టిన అక్షరాల్లోనే ఊపిరి తీసుకుంటుంది.

తమిళనాట ఉంటూ తమిళం నేర్వనంటే ఎట్లా అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. 2006 చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి తప్పనిసరి చేసింది. ఏటా ఒక్కో తరగతి ఎక్కుతూ 2015–16కు అది పదో తరగతికి చేరింది. భాషా అల్పసంఖ్యాకులు కోర్టుకెక్కారు. 2023లో సుప్రీంకోర్టు పదో తరగతి తమిళ పరీక్ష నుంచి ఆ పిల్లలకు ఒక ఏడాది మినహాయింపునిచ్చింది. నా మట్టుకు తమిళం నేర్చుకోవాల్సిందే. శతపథం నాలుగో అప్పుగా చెప్పినది, తోటి మనుషులకు ఉన్నది, ఇదే. పక్కింటివాళ్ల మాట, బజారు మాట, తిరుక్కురళ్ పుట్టిన మాట నేర్వకుండా ఆ నేల నీళ్లు తాగడం బాకీ ఎగ్గొట్టడమే. అయితే ఒక అప్పు తీర్చినంత మాత్రాన ఇంకోటి కొట్టివేయరు. నాలుగోదాన్ని ఋషుల అప్పు పక్కన చేర్చారు గాని దాని చోట పెట్టలేదు. మాతృభాషను తమిళం తర్వాత అదనపు భారంగా మిగిల్చి, అందులో తెచ్చుకున్న మార్కులను లెక్కలోకి తీసుకోకపోతే ఆ పిల్ల మోసేది రెట్టింపు, దక్కేది సగం. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశ వరకే మాతృభాషలో బోధనకు మాటిచ్చింది. అంటే అక్షరాలు వచ్చి, పద్యం రుచి తెలియబోయే చోటే ఆ మాట ఆగిపోతుంది.

రాధాకృష్ణన్‌ను చూపించేవాళ్లూ ఉన్నారు. 1888లో తిరుత్తణిలో తెలుగింట పుట్టి, వేలూరు వూర్హీస్ కాలేజీలో చదివి, ఇంగ్లీషులో రాసి ప్రపంచాన్ని మెప్పించాడు కదా అంటారు. ఒకడు ఏరు ఈదాడని మిగతావాళ్లకు వంతెన వద్దంటామా? ఆయన అధ్యక్షత వహించిన 1948–49 విశ్వవిద్యాలయ విద్యా సంఘమే పై చదువుల్లో ఇంగ్లీషు స్థానంలోకి భారతీయ భాష రావాలని కోరింది. తాను నడిచిన దారినే అందరికీ దారిగా ఆయన చూపలేదు. ఇక తరగతిలో నలుగురే తెలుగు తీసుకుంటే నలుగురి కోసం ఒక టీచరా అని అడుగుతారు. తిరుమల అర ముందు కూర్చుని రేకులు చదివినవాళ్లు ఎందరని? ఆ నలుగురికీ కావలసింది సన్మానం కాదు. ఏడాది మొదట్లోనే చేతికందే పుస్తకం, లెక్కకొచ్చే మార్కు, పద్యాన్ని ఎక్కడ విరిచి చదవాలో పక్కన కూర్చుని చూపే ఒక మనిషి.