కరతలమున లింగము కానరానప్పుడు



ఎడమ అరచేత ఇష్టలింగమునుంచి, దానియందు చూపు నిలిపి, ఆ చూపు వెంట మనస్సును నిలుపుట మన అర్చనావిధానము. ఆ చూపే మసకబారిన వృద్ధుని హృదయమున ఏమి జరుగునో మన గృహములలో గాని మఠములలో గాని తగినంత విచారింపబడలేదని నా అభిప్రాయము.

అరకులోయలో నేనెరిగిన యొక పెద్దాయన కలడు. సంతలలో పసుపు, మిరియాలు కొని అమ్ముట ఆయన కాయకము. డెబ్బదియేండ్లు దాటిన పిదప సంతకు పోవుట మానెను. పలుకు తగ్గెను. వేకువనే లేచి గంటసేపు లింగార్చన చేయువాడు క్షణములో ముగించి లేచుచుండెను. కొన్ని దినములు అసలే కూర్చుండలేదు. అర్చన లేనిదే అన్నము ముట్టని నియమము గలవాడగుటచే దేహమును చిక్కెను. ఇంటివారు "తాత వైరాగ్యములో నున్నాడు" అనిరి. తలయూచినవారిలో నేనును ఒకడను. "ఐక్యస్థలమునకు చేరువగుచున్నాడు" అని వ్యాఖ్యానము కూడ చేసితిని. ఆ మాట తలచిన నేటికిని సిగ్గగును.

ఒకనాడు మనుమరాలు ప్రక్కన కూర్చుండి గ్రుచ్చిగ్రుచ్చి అడుగగా ఆయన యిట్లనెను: "అమ్మా, అరచేతిలో స్వామి కనబడుట లేదే. ఏదో అపచారము చేసియుందును. అందుకే మొగము చాటు చేసినాడు. ఇక బ్రదికి యేమి?"

ఇది వైరాగ్యమా? విరాగి లోకమును విడుచును గాని, లింగమే తన్ను విడిచెనని కుములడు. ఇది దిగులు, వైద్యులు కుంగుబాటని పేరిడిన వ్యాధి. చూపు తగ్గిన వృద్ధులలో ఇది తక్కినవారికంటె అధికమని పలుదేశముల పరిశోధనలు తేల్చినవి. కారణమూహించుట కష్టము కాదు. చూపుతో పాటు పని పోవును, సంత పోవును, ఎదుటివారి ముఖము పోవును. బసవేశ్వరుడు కాయకమునకు పూజాస్థానమిచ్చెను గదా. కాయకము పోయినవానికి పూజయు పోయినట్లే తోచును. జంగమమువలె తిరుగాడిన మనిషిని అరుగుమీద స్థావరము చేసి కూర్చుండబెట్టుచున్నాము. మరియొక చిక్కు కలదు. కుంగినవాడు వైద్యునికడకు పోదమన్నను కదలడు.

మన్యమున ఈ బాధ మరింత. మైదానపు ముసలివాడు తడుముకొనియైనను వీధి దాటును. ఇక్కడ మంచు క్రమ్మిన కొండవాలున ఒక్క అడుగు తప్పిన చాలును. థింసాలో చేయి కలుపు అవ్వ వలయము విడిచి గోడకానుకొన్నచో, ముందుగా ఆమె కంటిని చూపింపవలెను.

"కన్నప్ప కన్నులే ఇచ్చెను గదా" అని ఓదార్చువారు కలరు. ఆయన ఇచ్చెను, వీరు పోగొట్టుకొనిరి. పైగా రెండవ కంటికడ శివుడే ఆయన చేయి పట్టి ఆపెను. నాకు తోచినంతవరకు ఇచట తలపవలసిన పురాతనుడు దండియడిగళ్. అరువత్తుమువ్వురిలో నొకడైన ఆయన పుట్టుగ్రుడ్డి. తిరువారూరు కోనేరు పూడుచుండగా కొయ్యలు నాటి, తాడు కట్టి, దానిని తడవుకొనుచు మన్ను త్రవ్వి మోసెను. తుదిని చూపు వచ్చెనని కథ. నా మనస్సు మాత్రము ఆ తాటికడనే నిలిచినది.

శుక్లములైనచో శస్త్రచికిత్సతో చూపు వచ్చును. దానితో దిగులును తగ్గుట వైద్యులు గమనించిరి. 2020 ఫిబ్రవరిలో మన రాష్ట్రమున కంటివెలుగు పథకము అవ్వాతాతల కొరకు విస్తరింపబడినది. విశాఖపట్టణమున ప్రభుత్వ ప్రాంతీయ నేత్రవైద్యశాల కలదు. నీటికాసులచే పోయిన చూపు తిరిగి రాదు, మిగిలినదానిని కాపాడుకొనవచ్చును. మనస్సు సంగతికి వచ్చినచో 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యతో ఫోను చేయవచ్చును. మఠములవారు ముసలివారికి విభూతి యిచ్చునప్పుడే "చూపెట్లున్నది? నిద్ర పట్టుచున్నదా?" అని అడిగిన, అదియు దాసోహమే యగును.

ఆ పెద్దాయనకు ఒక కంటి శుక్లము తీసిరి. రెండవ కన్ను నీటికాసులకు పోయినది. చూపు వచ్చినవెంటనే దిగులు పోలేదు. మనోవైద్యుని మందులు కొన్ని మాసములు వాడవలసివచ్చెను. ఇప్పుడు అరచేతి లింగము నల్లని నీడగా కనబడునట. తక్కినది వ్రేలికొనతో తెలిసికొనుచున్నాడు. పత్రి తానే కోయుదుననగా, మనుమరాలు గుమ్మమునుండి పెరటి మారేడు చెట్టువరకు తాడు కట్టినది. వానలకు నాని చివికినదని మొన్ననే క్రొత్తది మార్చినారు.