ఓడెక్కి వచ్చిన వాద్యం

పొద్దున్నే మా పాలకుర్తి సోమేశ్వరుడి గుట్ట మీద సన్నాయి వినబడితే నాకు సోమనాథ కవి గుర్తొస్తాడు. ‘పండితారాధ్య చరిత్ర’లో ఆయన వీణల్లోనే ఎన్ని రకాలు చెప్పాడో! ఆ వరుసలో వయొలిన్ మాత్రం లేదు. ఎలా ఉంటుంది, అది ఎన్నో వందల ఏళ్ల తర్వాత ఓడెక్కి వచ్చింది కదా.

దాన్ని మన ఇంటి ఆడపడుచును చేసినవారిలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఒకరు. 1893లో బెంగళూరులో పుట్టి విశాఖలో పెరిగారు. చూపు మందం. విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన వాయించింది విని ఏకంగా ఆచార్యుణ్ణి చేశారు. అది 1919. ప్రిన్సిపాల్ అయ్యింది 1936లో. నడుమ పదిహేడేళ్లు పాఠం, సాధన, మళ్లీ పాఠం. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. బిరుదులకేం గానీ, నాకు ఆ పదిహేడేళ్ల మీదే మనసు.

లాంగ్ లాంగ్ అనే చైనా కుర్రాడికి పేరొచ్చిన నాటికి వయసూ పదిహేడేళ్లే. 1999లో షికాగో ఆర్కెస్ట్రాతో వాయించాల్సిన పియానో విద్వాంసుడికి ఒంట్లో బాగోలేకపోతే, ఈ పిల్లవాణ్ణి కూర్చోబెట్టారు. ఒక్క రాత్రిలో పేరొచ్చిందన్నారు. మూడో ఏటి నుంచి మెట్లు నొక్కిన వేళ్లకు అది ఒక్క రాత్రేనా?

మన వయొలిన్‌లాగే బయటి నుంచి వచ్చిన కమాను వాద్యం చైనాలోనూ ఉంది, ఎర్హూ. దానికి రెండే తీగలు, కమాను వాటి మధ్యలోంచే నడుస్తుంది. చైనాకు ఉత్తరాన ఉండే సంచార జాతుల నుంచి వచ్చిందట, ఇప్పుడు అచ్చంగా చైనాదే.

గుట్ట మీద సన్నాయి ఆగింది. వాయించేవాడు పీక తడుపుకుంటున్నట్టున్నాడు.